విత్తనాల బస్తా తీశాకే మిగతా లెక్క

రెండేళ్ల కిందట జూన్‌లో నా గాజులు రెండు తీసుకెళ్లి కుదువ పెట్టి 30,000 తెచ్చాను. పిల్లలిద్దరి ఫీజులో సగం, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఒకే వారంలో మీద పడ్డాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు 600. గాజులు మళ్లీ చేతికి వచ్చేసరికి మార్చి అయింది. తొమ్మిది నెలల్లో 5,400 వడ్డీకే పోయింది.

డబ్బు పోయినందుకు కంటే, లెక్క రాస్తూ కూడా ఇలా జరిగినందుకు ఎక్కువ బాధపడ్డాను. ఏడేళ్లుగా రోజూ రాత్రి గిన్నెలు సర్దాక కూర్చుని రాస్తున్నాను. పిల్లల పాత నోట్సుల్లో మిగిలిన పేజీలే నా పద్దు పుస్తకం. కొత్తిమీర కట్ట కొన్నా అందులో ఉంటుంది. గాజులు ఇచ్చి వచ్చిన రాత్రి ఆ పుస్తకాలన్నీ ముందేసుకుని చూశాను. పాలు, కూరగాయలు, కరెంటు ఏ నెలకానెల దాదాపు ఒకేలా ఉన్నాయి. దుబారా ఎక్కడా లేదు. కానీ ప్రతి జూన్‌లోనూ అప్పు ఉంది, ప్రతి జనవరిలోనూ ఎవరో ఒకరి దగ్గర చేబదులు ఉంది. జూన్ ఏటా వస్తుందని తెలిసి కూడా, దాన్ని జూన్‌లోనే చూసుకుంటున్నాను.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో అద్దె ఇల్లు. మా ఆయనకు చేతికొచ్చే జీతం 34,000. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. శ్రావణమాసంలో, పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి పదకొండింటి దాకా మిషను ఆగదు. ఆషాఢంలో, మూఢంలో రోజుకో జాకెట్టు రావడం కూడా కష్టమే. అందుకే నా సంపాదన ఎంత వచ్చినా లెక్కలోకి మాత్రం 3,000 అనే తీసుకుంటాను. ఏడాదిలో అన్నిటికంటే డల్‌గా ఉన్న నెలలో వచ్చింది అంతే. పైన వచ్చింది వేరే.

ఆ రాత్రే ఒక పేజీలో ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులన్నీ రాశాను. పిల్లల ఫీజులు 48,000. పుస్తకాలు, యూనిఫాం 9,000. సంక్రాంతికి బట్టలు, ఊరి ప్రయాణం 8,000. ఎండాకాలంలో ఆవకాయ సరంజామా, ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు, చింతపండు, కందిపప్పు 7,000. ఎల్ఐసీ 12,000. స్కూటర్ ఇన్సూరెన్స్ 1,400. చుట్టాల పెళ్లిళ్లలో చదివింపులు 5,000. చవితి, దసరా, దీపావళి కలిపి 5,000. మొత్తం 95,400. పన్నెండుతో భాగిస్తే 7,950.

మా ఆయన ఆ అంకె చూసి, "అంత ముందే తీసేస్తే మిగిలింది ఇంటికి సరిపోతుందా?" అన్నారు.

"సరిపోకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలుస్తుంది కదండీ. జూన్‌లో తెలిసి ఏం లాభం?" అన్నాను.

మా పుట్టిల్లు దివిసీమలో వరి రైతుల ఇల్లు. పంట డబ్బు ఇంటికొచ్చేది ఏడాదికి ఒకసారే. అమ్మ దాంతోనే పన్నెండు నెలలు నెట్టుకొచ్చేది. ధాన్యం ఇంటికి చేరిన రోజు అన్నిటికంటే ముందు విత్తనాల బస్తా కట్టి అటక మీద పెట్టించేది. ఆ తర్వాతే తిండి గింజలు, అమ్మకం. ఎంత ఇబ్బంది వచ్చినా ఆ బస్తా మూతి విప్పగా నేను చూడలేదు. ఆ 7,950 మాకు విత్తనాల బస్తా. జీతం పడిన రోజే నా పేరున ఉన్న ఇంకో ఖాతాలోకి పంపేస్తాం. ఆ ఖాతాను ఫోన్‌పేకి కలపలేదు. తియ్యాలంటే బ్యాంకుకి వెళ్లి నిలబడాలి.

మిగిలిన 29,050 మాత్రమే మా నెల జీతం అనుకుంటాం. అద్దె 9,000 పోతే 20,050.

ఇందులో కూడా నెలలో ఒదగని ఖర్చులు రెండున్నాయి. ఒకటి బియ్యం. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేసినప్పటి నుంచి మా కొట్లో 26 కిలోల బస్తాలే. ఐదుగురం ఉన్న ఇంట్లో బస్తా 24 రోజులకు అయిపోతుంది. అంటే కొన్ని నెలల్లో రెండు బస్తాలు కొనాలి. అందుకే 1,450 పెట్టి కొన్నా, నెలకు 1,800 అని రాస్తాను. రెండోది గ్యాస్. మాకు సిలిండర్ నలభై రోజులు వస్తుంది కాబట్టి దానికి ధరలో ముప్పావు వంతు రాస్తాను. బండ కొనని నెలలో ఆ డబ్బు డబ్బాలో అలాగే ఉంటుంది.

కూరగాయలు, పళ్లు, గుడ్లు, ఆదివారం చికెన్ మాత్రం నోట్లతోనే. ఫోన్‌తో కడితే నలభై, అరవై ఎప్పుడు పోయాయో తెలియదు. ఇంటికొచ్చిన శుభలేఖల కవర్లు దాచి ఉంచాను, మూలల్లో పసుపు కూడా పోలేదు. నాలుగు కవర్లలో ఒక్కోదాంట్లో 1,000 పెట్టి పోపుల డబ్బా వెనక నిలబెడతాను. సోమవారానికో కవరు. నెలాఖరున మిగిలే రెండు మూడు రోజులకు ఆ కవర్లలో మిగిలిన చిల్లరే. శనివారానికి కవరు తేలిపోతే ఆదివారం పప్పుచారు, వడియాలు. పిల్లలు ఏమీ అనరు, వాళ్లకీ కవరు కనిపిస్తుంది కాబట్టి.

అత్తయ్య బీపీ మందుల దగ్గర మాత్రం నేను తగ్గించే ప్రయత్నం చెయ్యను. అవి నెల మొదట్లోనే ముప్పై రోజులకూ కొనేస్తాం. ఏదైనా తగ్గాలంటే నా చీర తగ్గాలి, ఆయన బయటి టిఫిన్ తగ్గాలి. ఇది ఇద్దరం కూర్చుని ఒప్పుకున్న మాట.

మొదటి ఏడాది నిండేలోపే రెండుసార్లు ఇరుకున పడ్డాం. ఫ్రిజ్ పాడైనప్పుడు ఆ ఖాతా తీద్దామని చాలా అనిపించింది. తియ్యలేదు. శ్రావణంలో జాకెట్ల మీద అదనంగా వచ్చిన డబ్బు బీరువాలో ఉంది, దాంతో బాగు చేయించాం. అప్పటి నుంచి ఆ అదనపు డబ్బుకు 'రిపేర్లు' అని పేరు పెట్టాను.

మొన్న జూన్‌లో బ్యాంకుకి వెళ్లి డబ్బు తీసుకుని, అటునుంచి అటే స్కూలుకి వెళ్లి కట్టేశాను. రసీదు తీసుకునేటప్పుడు చేతికి గాజులున్నాయి.

మా అబ్బాయి ఈ మధ్య ఆ పేజీ చదివి, తనకు సైకిల్ కావాలని అడిగాడు. ధర కనుక్కుని రమ్మన్నాను. 4,800 అన్నాడు. ఎనిమిది వరుసల కింద తొమ్మిదోది వాడి చేతే రాయించాను: సైకిల్, నెలకు 400.