లెక్క తప్పించిన క్యాసెట్టు

చండూరులో మా ఇంట్లో పాటలు వద్దనడానికి అమ్మకు ఒకే కారణం ఉండేది: లెక్క తప్పుతుంది. చదువు పాడవుతుందనో, బుద్ధి చెడుతుందనో ఆమె ఎప్పుడూ అనలేదు. మాది నేత ఇల్లు. నాన్న మగ్గం గుంటలో ఉండేవాడు, అమ్మ ఆసు పోసేది. ఆసు చూడనివాళ్ల కోసం చెప్తాను: అర్ధచంద్రాకారంలో ఒక చట్రం, దాని అంచు పొడవునా వరసగా మేకులు, వాటికి ఎదురుగా ఒక్క మేకు. నూలు పట్టుకున్న చెయ్యి ఈ ఒక్క మేకు నుంచి ఆ వరసలోని మేకుల దాకా పోతూ వస్తూ ఉండాలి. ఒక్క చీరకే కొన్ని వేల సార్లు. లెక్క ఎక్కడైనా తప్పిందా, దారాలు కట్టి రంగులో ముంచాక పువ్వు ఒకచోట, ఆకు ఒకచోట తేలతాయి. అందుకే అమ్మ పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉండేవి. చిన్నప్పుడు అది జపం అనుకునేవాణ్ణి.

అన్న పదో తరగతి తప్పి 1996లో ముంబయి దగ్గరి భీవండి పవర్‌లూమ్‌లకు వెళ్లిపోయాడు. మా వీధిలో చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు అక్కడో, సూరత్‌లోనో ఉండేవారు. మొదటి దసరాకు వచ్చినప్పుడు ఒక టేప్‌రికార్డరు, నాలుగు క్యాసెట్లు తెచ్చాడు. మూడు హిందీవి. నాలుగోది ముంబయి ఫుట్‌పాత్ మీద కొన్నది, మీది కాగితం ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగిలింది. పండగ అయ్యాక వాటన్నిటినీ నాకే వదిలి వెళ్లాడు. మరమగ్గాల షెడ్డులో పక్కవాడి మాటే వినపడదు, ఇక పాటేం వినపడుతుంది అన్నాడు.

అప్పుడు నాకు 14 ఏళ్లు. ఆ నాలుగో క్యాసెట్టులో గిటార్లు, డ్రమ్ములు, గొంతు చించుకుని అరిచే మనిషి. ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ వదలబుద్ధి కాలేదు. చిక్కంతా డ్రమ్ముల దగ్గర వచ్చింది. అమ్మ నాలుగు అనే చోట ఆ డ్రమ్ములవాడు మూడున్నర దగ్గరే కొట్టేవాడు. రేడియోలో పాత తెలుగు పాటలు చేతి వేగానికి కుదిరిపోయేవి, ఇది కుదరదు. "ఆపు కొడుకా, మళ్లీ మొదటికొచ్చింది" అనేది. కోపం కూడా ఉండేది కాదు ఆ గొంతులో, అలసట తప్ప.

కరెంటు పోయినప్పుడే నాకు వీలు. చీకట్లో ఆసు ఆగిపోయేది. పొద్దంతా మిద్దె మీద ఎండలో పెట్టిన పాత బ్యాటరీలు వేసి, కొవ్వొత్తి దగ్గర కూర్చుని వినేవాణ్ణి. బ్యాటరీలు నీరసించేకొద్దీ ఆ అరిచే మనిషి గొంతు బొంగురుపోయి, చివరకు గేదెలా మూలిగేది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2006లో దిల్‌సుఖ్‌నగర్ గదిలో మిత్రుడి కంప్యూటర్ మీద ఆల్మోస్ట్ ఫేమస్ అనే ఇంగ్లిష్ సినిమా చూశాను. అందులో అక్క ఇల్లు విడిచి ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగానికి వెళ్తూ, మంచం కింద చూడమని తమ్ముడి చెవిలో చెప్తుంది. అక్కడ సంచి నిండా రికార్డులు. ఒకదానిలో చీటీ: కొవ్వొత్తి వెలిగించుకుని విను. పగలబడి నవ్వాను. మా ఇంట్లో ఆ చీటీ అవసరం పడలేదు.

2000లో వచ్చిన సినిమా అది. తీసిన కామెరాన్ క్రో తన కథనే చెప్పుకున్నాడు. 1973 నాటికే, మీసాలు రాని వయసులో, అతను రోలింగ్ స్టోన్ అనే అమెరికా సంగీత పత్రికకు రాస్తున్నాడు. సినిమాలో విలియం అనే 15 ఏళ్ల పిల్లవాడు ఫోనులో గొంతు లావు చేసి మాట్లాడి, తన వయసు తెలియని అదే పత్రిక నుంచి పని సంపాదించి, ఒక రాక్ బ్యాండుతో బస్సెక్కుతాడు. ఆ బ్యాండు కల్పితం. దాని పాటల కోసం క్రో తన అప్పటి భార్య, హార్ట్ అనే రాక్ బృందంలోని గిటారిస్టు నాన్సీ విల్సన్‌తో కలిసి కూర్చున్నాడు. అందుకే అవి ఉత్తుత్తి పాటల్లా వినపడవు. స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది.

అందరూ మెచ్చుకునేది బస్సు సన్నివేశం. గొడవపడి ముఖాలు తిప్పుకుని కూర్చున్నవాళ్లు ఎల్టన్ జాన్ పాట రాగానే ఒక్కొక్కరే గొంతు కలుపుతారు. నాకూ ఇష్టమే. కానీ ఆ వెంటనే, ఇంటికి వెళ్లాలి అన్న పిల్లవాడితో, బ్యాండు వెంట తిరిగే పెన్నీ లేన్ అనే అమ్మాయి ఇదే నీ ఇల్లు అంటుంది చూడండి, అక్కడ నాకు మింగుడుపడదు. అన్న ఉన్న గదిలో పదిమంది వంతుల ప్రకారం పడుకునేవారు. పగటి పాళీవాడు లేస్తే రాత్రి పాళీవాడు అదే చాప మీద ఒరిగేవాడు. అది నీ ఇల్లు అని ఎవరైనా అంటే అన్న ఏమనేవాడో ఊహించగలను, ఇక్కడ రాయలేను. ఆ పెన్నీ లేన్‌నే తర్వాత పేకాటలో 50 డాలర్లకు, ఒక పెట్టె బీరుకు ఇంకో బ్యాండుకు ఇచ్చేస్తారు. ఇచ్చినవాళ్లను సినిమా మరీ తొందరగా క్షమించేసిందని నా ఫిర్యాదు.

నాకు ఈ సినిమా అంటే విలియం తల్లి. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. ఇంట్లో రాక్ సంగీతం నిషేధం. అయినా కొడుకును కచేరీ దగ్గర కారులో తానే దింపి, మత్తుమందులు ముట్టుకోవద్దని అందరూ వినేలా అరుస్తుంది. మొండి మనిషి, నవ్వు తెప్పిస్తుంది. అయినా ఆమెను ఎక్కడా వెక్కిరించలేదు. ఒకసారి బ్యాండు గిటారిస్టే ఫోను అందుకుంటే, అంత పెద్ద స్టారూ ఆమె మాటలకు బడిపిల్లవాడిలా నిలబడిపోతాడు.

మొన్న సంక్రాంతికి చండూరు వెళ్లినప్పుడు లాప్‌టాప్‌లో ఆ సన్నివేశం అమ్మకు చూపించాను. ఆమె ఆసు మానేసి పదేళ్లు దాటింది. చింతకింది మల్లేశం కనిపెట్టి తన తల్లి పేరు పెట్టిన లక్ష్మీ ఆసు యంత్రం మా వీధికీ వచ్చింది. అమ్మ కుడి భుజం మాత్రం ఇప్పటికీ పైకి లేవదు. ఎడమ చేత్తో కళ్లద్దాలు సర్దుకుని, ఆ ఫోను మాటలు తెలుగులో చెప్తుంటే శ్రద్ధగా విన్నది.

"ఏం పని చేస్తుంది ఆమె?" అని అడిగింది.

"లెక్చరరు అమ్మా."

"అందుకే. ఫోను ఇంట్లోనే ఉంది, కూర్చుని తీరిగ్గా తిడుతోంది."

అన్న భీవండిలో ఉన్న రోజుల్లో మాకు ఫోను ఎస్టీడీ బూత్‌లోనే. భీవండి నుంచి ఫోను అని బూత్ పిల్లవాడు వీధి మొదట్లో కేక వేస్తే, అమ్మ చేతిలో నూలు ఎక్కడిదక్కడ వదిలేసి చెప్పులు లేకుండా పరుగెత్తేది. లెక్క ఎక్కడ ఆగిందో వాకిట్లోంచే అరిచి నాకు చెప్పి వెళ్లేది. వచ్చేదాకా దాన్ని మరిచిపోకుండా పట్టుకుని కూర్చోవడం నా పని.