పీసీఓఎస్‌కి చైనా మూలికలు వాడాలనుకుంటే ముందు పొట్లంలో ఏముందో అడగండి

నేను సింగపూర్‌లో ఉంటానని తెలిసిన దగ్గర్నుంచి, పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల పీరియడ్స్ దారితప్పే సమస్య) ఉన్న మన అమ్మాయిలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అక్కా, అక్కడ దొరికే చైనా మందుతో పీరియడ్స్ సరిగ్గా వస్తాయట కదా, కొని పంపిస్తావా?" పంపించను. ఎందుకు అన్నది ఒక్క ముక్కలో చెప్పలేను కాబట్టే ఇదంతా రాస్తున్నాను. నాకూ పీసీఓఎస్ ఉంది. ఇక్కడి చైనా వైద్యం క్లినిక్‌కి వెళ్లాను, ఆ మందు తాగాను, కాబట్టి తెలియకుండా కొట్టిపారేస్తున్నాను అనుకోవద్దు.

ఇక్కడ చైనా వైద్యం చేసేవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలి, దానికోసం 2000లో చట్టమే తెచ్చారు. నన్ను చూసిన ఆవిడ చిన్న దిండు మీద నా చెయ్యి పెట్టించి మూడు వేళ్లతో నాడి పట్టుకుంది, ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది, మన ఆయుర్వేద వైద్యులు చూసినట్టే. తర్వాత నాలుక చాపమంది. అంచుల్లో పళ్ల గుర్తులు పడి ఉన్నాయని, పైన తెల్లగా పూత ఉందని చెప్పి, ఒంట్లో తేమ, కఫం పేరుకున్నాయని తేల్చింది. వాళ్ల పాత వైద్యంలో పీసీఓఎస్ అనే జబ్బు లేదు, మనిషిని బట్టి లెక్క మారుతుంది. లావుగా ఉండి నీరసపడేవాళ్లకి ఒక కషాయం, సన్నగా ఉండి నడుం నొప్పితో బాధపడేవాళ్లకి ఇంకొకటి, టెన్షన్ ఎక్కువై పీరియడ్స్ ముందు చిరాకుపడేవాళ్లకి మరొకటి. అంటే నాకిచ్చిన పొడి మీకు పనికిరాదని వాళ్ల శాస్త్రమే చెప్తోంది, ఇక నేను కొని పంపించడం ఏమిటి?

నాకు రాసింది త్సాంగ్‌ఫు దావ్‌తాన్ అనే పాత మూలికల మిశ్రమం. అందులో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాను, చూస్తే సగం మనకి తెలిసినవే. తుంగముస్తలు, అతిమధురం, ఎండబెట్టిన కమలా తొక్క. వాటితో పాటు బ్యాన్‌ష్యా అనే దుంప, మన కంద కుటుంబానిదే, పచ్చిది నోట్లో పెట్టుకుంటే గొంతు మంటపుట్టి వాచిపోతుంది, అందుకే అల్లంతోనో పటికతోనో శుద్ధి చేసి వాడతారు. ఆ శుద్ధి సరిగ్గా జరిగిందా లేదా అన్నది పొడి చూసి మీరూ నేనూ చెప్పలేం. అతిమధురం కూడా మన ఇళ్లలో దగ్గుకి వాడేదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఎక్కువ మోతాదులో రోజుల తరబడి తాగితే బీపీ పెరుగుతుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది.

ఇప్పుడు అందరూ అడిగే బెర్బెరిన్ సంగతికి వద్దాం. హ్వాంగ్‌ల్యెన్ అనే పసుపుపచ్చ వేరులో ఉండే పదార్థం ఇది, చైనాలో ఎన్నో ఏళ్లుగా విరేచనాలకి వాడే చవక మాత్ర. మన మానుపసుపులో ఉన్నదీ ఇదే. ఇది షుగర్ కొంత తగ్గిస్తుంది, ఇన్సులిన్ పనిచేసే తీరు మెరుగుపరుస్తుంది అనడానికి ఆధారాలున్నాయి, పీసీఓఎస్‌లో మూలం చాలామందికి అక్కడే ఉంది కాబట్టి ఆశ పడటంలో తప్పులేదు. కానీ పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. చైనాలోనే 644 మంది మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. అండం విడుదలయ్యేందుకు డాక్టర్లు ఇచ్చే లెట్రొజోల్ మాత్ర ఒక్కటే వాడినవాళ్లలో 36 శాతం మందికి పిల్లలు పుట్టారు, బెర్బెరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 22 శాతం, రెండూ కలిపి వాడినవాళ్లలో 34. అంటే కలిపినా అదనంగా ఒరిగిందేమీ లేదు. తర్వాత 2017లో వెయ్యి మంది చైనా మహిళల మీద సూదులు గుచ్చే చైనా వైద్యం ఆక్యుపంక్చర్‌ని పరీక్షిస్తే, పిల్లలు పుట్టే అవకాశం దానివల్ల పెరగలేదని తేలింది. ఈ పరిశోధనలు చైనా వైద్యం నేర్పే యూనివర్సిటీ వాళ్లే చేశారు, తమకి నచ్చని ఫలితం వచ్చినా దాచకుండా చెప్పారు, అందుకే నాకు వాళ్లంటే గౌరవం. కషాయాల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష కూడా 2021లో, గర్భం కోసం ఇవి వాడమని చెప్పడానికి ఆధారాలు చాలవనే అంది.

మరి నాకేమైంది అంటారా, ఆ మందు తాగినన్నాళ్లూ పీరియడ్స్ కొంచెం దారిలో పడ్డాయి. అదే సమయంలో రాత్రి అన్నం తగ్గించాను, రోజూ నడిచాను, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఆపలేదు. దేనివల్ల వచ్చిందో నేను చెప్పలేను, ఎవరైనా "నాకు తగ్గిపోయింది" అని ఖచ్చితంగా చెప్తుంటే వాళ్లు ఇంకేం మార్చుకున్నారో కూడా అడగండి.

నన్ను నిజంగా భయపెట్టేది ఇంకొకటి ఉంది. మనకి పీరియడ్స్ ఎలాగూ ఆలస్యమే కాబట్టి గర్భం వచ్చినా వెంటనే తెలియదు, తెలియకుండానే ఆ మాత్రలు మింగుతూ ఉంటాం. బెర్బెరిన్ పుట్టిన పిల్లల్లో కామెర్లు ముదిరేలా చేస్తుందన్న భయంతో సింగపూర్ 1978లోనే దాన్ని నిషేధించింది. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకి ఆ ప్రమాదం మరీ ఎక్కువని అనుకున్నారు. ఆ నిషేధం తర్వాత ఎత్తేశారు కానీ, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదన్నది మాత్రం ఇప్పటికీ అంతే. జీ6పీడీ లోపం మన దేశంలోనూ ఉంది. కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల తప్పినప్పుడల్లా ఒకసారి ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి, దయచేసి.

ఇంకో మాట, కషాయం పనిచేస్తుందేమో చూద్దాం అని ఆర్నెల్లు పీరియడ్స్ లేకుండా కూర్చోవద్దు. గర్భాశయం లోపలి పొర అలా మందమవుతూ పోతే ముందుముందు క్యాన్సర్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది, మూడు నెలలు దాటితే గైనకాలజిస్టు దగ్గరకి వెళ్లాల్సిందే.

ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని పొట్లాలు మాత్రం అస్సలు కొనొద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికని ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలిసిపోయింది, ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. వాళ్లంతా క్లినిక్‌కి వెళ్లి తీసుకున్నవాళ్లే, అక్కడే అలా జరిగితే పేరూ ఊరూ లేని పొట్లాన్ని ఎలా నమ్ముతాం?

అయినా వాడాలనే ఉంటే, మూలికల పేర్లు, మోతాదు కాగితం మీద రాయించుకుని మీ డాక్టర్‌కి చూపించండి. ముఖ్యంగా మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు. తిడతారేమోనని దాచొద్దు. వాడుతున్నన్నాళ్లూ మధ్యమధ్యలో లివర్, కిడ్నీ టెస్టులు చేయించుకోండి, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆరోజే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ పొట్లం కూడా సంచీలో వేసుకోండి.