కుక్కకు తామర: మందుల షాపు దగ్గర నా అనుభవం

రెండో కల్చర్ (వెంట్రుకల్లో తామర శిలీంధ్రం, అంటే ఫంగస్, పెరుగుతుందా అని ల్యాబులో చూసే పరీక్ష) కూడా నెగటివ్ వచ్చింది, మా కుక్క భీముడికి మందు ఆపేశాం. కోపం చల్లారక ముందే రాసేస్తున్నా.

చెవి అంచున, ముందుకాలి మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడి, అంచు ఎర్రగా, పైన పొట్టు. వీధిలో చూసిన ప్రతివాడూ "గజ్జి, కాలిన ఇంజనాయిల్ పుయ్యండి" అనేవాడే. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరండీ తిరుపతి, అయినా ఇంజనాయిల్ వైద్యం పోలేదు. పూసిన నూనెను కుక్క నాకుతుంది, అది విషం.

పరీక్షలు సాఫీగా జరిగాయి. చర్మం గీకి గజ్జి పురుగు లేదని చూశారు. మచ్చ అంచు వెంట్రుకలు పీకి కేఓహెచ్ (శిలీంధ్రం కనబడేలా వెంట్రుకను తేటచేసే ద్రావణం) చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూశారు. కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్లంతా దువ్వి, ఆ బ్రష్‌నే కల్చర్‌కు పంపారు. ఫలితానికి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. ఆన్‌లైన్‌లో దొరికే నీలం టార్చి కొని మీరే తేల్చుకోవద్దు. వుడ్స్ ల్యాంపు (డాక్టర్లు వాడే అతినీలలోహిత దీపం) కింద, కుక్కలకు మామూలుగా తామర తెచ్చే శిలీంధ్రాల్లో ఆకుపచ్చగా మెరిసేది మైక్రోస్పోరమ్ కానిస్ ఒక్కటే, అదీ ప్రతిసారీ కాదు. మెరవలేదంటే తామర లేదని అర్థం కాదు.

అసలు కథ మందుల షాపులో. చీటీలో పేరు భీముడు, వయసు 3, ఇట్రాకొనజోల్ (శిలీంధ్రాన్ని చంపే మందు) 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్, రోజుకు సగం.

"ఏమ్నా, మూడేళ్ల పిల్లోడికి ఇంత మందా?" అన్నాడు షాపతను, క్యూ అంతా వినేట్టు. కుక్కకు అన్నాను. "కుక్కకా! దానికెందుకు సామీ ఇంత కర్చు? వంద లేదు, రెండొందలది తీస్కో, సగం సగం ఎయ్యి." వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు.

నవ్వితే నవ్వారు, లెక్క చూడండి. మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కసారి. పది కిలోల కుక్కకు 50. రెండొందలలో సగమంటే 100, అంటే కిలోకు 10. ఆ మోతాదులో కొన్ని కుక్కలకు కాళ్లు వాచి, చర్మం పుండ్లు పడుతుంది. తిండి మానేస్తాయి, లివర్ ఎంజైములు పెరుగుతాయి. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత నెలనెలా రక్తపరీక్ష చేయించమనేది అందుకే. 'సూపర్ బయో' అని 65, 130 అంకెలతో వచ్చేవి వేరే లెక్క. అవి ఒంటికి ఎక్కువ పడతాయి, అంకె చూసి వందకు బదులు వాడకూడదు.

అంతటితో వదిలాడా? చీటీలో లేని గ్యాస్ మాత్ర కూడా కవర్లో వేశాడు, "వేడి చెయ్యకుండా" అట. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. అతను వేసిన గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్, ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. మందు కరగదు, ఒంటికి పట్టదు, మచ్చ తగ్గదు, చివరికి డాక్టరుకే చెడ్డపేరు. అందుకే ఈ క్యాప్సూల్ పరగడుపున కాదు, తిండితోనే ఇవ్వాలి. ఉడికించిన గుడ్డులోనో, కొంచెం కొవ్వున్న చికెన్ ముక్కలోనో పెడితే చాలు.

సగం చేసే పద్ధతి: క్యాప్సూల్ విప్పి గుళికలను తెల్లకాగితం మీద పోసి, గీతలా సర్ది, నడిమికి విడదీయాలి. నూరకూడదు. మిగతా సగం ఆ డొల్లలోనే మూసి పొడి డబ్బాలో పెట్టి మర్నాడు వాడొచ్చు. ఒక్కో కంపెనీ గుళికల సైజు, సంఖ్య వేరు, కాబట్టి మధ్యలో కంపెనీ మార్చకండి. డాక్టరు చెప్పిందే పట్టుకోండి, అది లేదంటే ఇంకో షాపుకు పొండి. నేను అదే చేశాను, తిరుచానూరు రోడ్డు దాకా వెళ్లాల్సి వచ్చినా.

ఇంతకుముందు గజ్జి అనుకుని ఐవర్‌మెక్టిన్ (గజ్జి పురుగును చంపే మందు) వేయించి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ముఖ్యంగా కీటోకొనజోల్ (ఇట్రాకొనజోల్ లాంటిదే ఇంకో మందు) దానితో కలిస్తే ఐవర్‌మెక్టిన్ ఒంట్లో పేరుకుని మెదడుకు ఎక్కుతుంది. కుక్క తూలుతుంది, వణుకుతుంది.

పైపూతకు మైకొనజోల్ 2 శాతం, క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం కలిసిన షాంపూ, వారానికి రెండుసార్లు. నురుగు పది నిమిషాలు ఒంటిమీద ఉండాలి, గడియారం చూసుకోండి. రెండు నిమిషాలకే కడిగేస్తే డబ్బులు దండగ.

ఇల్లు: ఊడిన వెంట్రుకల మీద తామర శిలీంధ్రం బీజాలు ఏడాదిన్నర దాకా బతకగలవు. పొడి చీపురుతో ఊడిస్తే అవే లేస్తాయి. తడిగుడ్డతో వెంట్రుకలు ఎత్తేసి, సబ్బునీళ్లతో కడిగి, తర్వాత లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్ల బ్లీచు వేసి తుడవండి. పడుకునే గోనెపట్టా పారేయండి.

ఇక ఆపడం. వెంట్రుకలు మొలిచాయని ఆపేస్తే మళ్లీ వస్తుంది, ఎందుకంటే బయటికి బాగయ్యాక కూడా కల్చర్‌లో శిలీంధ్రం పెరుగుతుంది. వారం రెండు వారాల ఎడంతో రెండు కల్చర్లు నెగటివ్ రావాలి.

ఇంట్లో పిల్లల మెడ మీదో చేతుల మీదో గుండ్రటి మచ్చ కనిపిస్తే అదే షాపులో దొరికే మూడు మందుల మిక్స్ క్రీము రాయకండి. అందులోని స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణిచేస్తుంది, తామర మాత్రం అడుగున పాకుతూ ఉంటుంది. నేరుగా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు ఇంట్లో తామర వచ్చిన కుక్క ఉందని మొదటే చెప్పండి.