పైసలొచ్చాయి, ఇంకా ముట్టుకోకండి

గురువారం, మాదాపూర్

పొద్దున తొమ్మిదిన్నరకి మొదటి ఫోను, నేను కాగితాలు చూసే ఒక స్టార్టప్ నుంచి. "అన్నా, పైసలు పడ్డయ్! ఈ నెల జీతాలు ఇచ్చెయ్యనా?"

వద్దు. సింగపూర్ ఫండ్ నుంచి 4 కోట్ల సీడ్ రౌండు, అంటే షేర్లకి బదులుగా వచ్చే తొలి విడత పెట్టుబడి. ఖాతాలో అంకె కనిపిస్తోంది, అంతవరకే. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం షేర్లు కేటాయించాలి, ఆ కేటాయింపు వివరాలు పాస్-3 ఫారంలో రిజిస్ట్రారుకి చేరాలి. అప్పటిదాకా అందులోంచి రూపాయి తియ్యకూడదు. టర్మ్ షీటు (పెట్టుబడి ముఖ్య షరతుల కాగితం) మీద సంతకం పడిన రోజునే కేకు కోసి, లింక్డిన్‌లో ఫొటో పెట్టేస్తారు. ఆ రోజుకీ, డబ్బు వాడుకోగలిగే రోజుకీ మధ్య ఆరు వారాలు పట్టడం మామూలే. రౌండ్లు చెడేది ఎక్కువగా ఆ ఆరు వారాల్లోనే. వ్యాపారంలో లోపం ఉండి కాదు, కాగితాలు ముందువెనకలై.

టీ తాగుతూ క్యాప్ టేబుల్, అంటే ఎవరికెన్ని షేర్లో చూపే పట్టిక, మళ్ళీ తెరవాల్సి వచ్చింది. ఇద్దరు వ్యవస్థాపకులు, చెరో 50,000 షేర్లు, మొత్తం లక్ష. ప్రీ-మనీ, అంటే పెట్టుబడికి ముందు కంపెనీ విలువ, 16 కోట్లు, వచ్చేది 4 కోట్లు, పోస్ట్-మనీ, అంటే తర్వాతి విలువ, 20 కోట్లు. ఫండుకి 20 శాతం. ఇంతవరకు అందరికీ నోటికే వస్తుంది. 16 కోట్లను లక్షతో భాగిస్తే షేరు 1,600 అని వాళ్ళ ఎక్సెల్‌లో ఉంది. టర్మ్ షీటులో ఒక చిన్న వాక్యం మాత్రం ఎవరి కంటా పడలేదు: రౌండు తర్వాత 10 శాతం ఉండేలా ఈసాప్ పూల్ (ఉద్యోగులకి ఇవ్వడానికి ఉంచే షేర్లు), అదీ ప్రీ-మనీలోనే కలిపి. అంటే ఉద్యోగుల కోసం పక్కన పెట్టే 2 కోట్ల విలువ పూర్తిగా వ్యవస్థాపకుల వాటాలోంచే పోతుంది. వాళ్ళ అసలు ప్రీ-మనీ 14 కోట్లు. లక్ష షేర్లు 70 శాతానికి సమానం కావాలంటే మొత్తం 1,42,857 ఉండాలి. అందులో ఫండుకి 28,571, పూల్‌కి 14,286. షేరు ధర 1,400.

ఇందులో మోసం ఏమీ లేదు, మార్కెట్లో నడిచే పద్ధతే. బేరం ఆడాల్సింది మాత్రం ప్రీ-మనీ అంకె మీద కాదు, పూల్ శాతం మీద. వచ్చే పద్దెనిమిది నెలల్లో ఎవరెవరిని తీసుకుంటారో, ఒక్కొక్కరికి ఎంత ఇస్తారో రాసుకుని వెళ్తే, "మాకు 6 శాతం చాలు" అనడానికి ఆధారం ఉంటుంది. ఊరికే తగ్గించమంటే ఎవరూ తగ్గించరు.

కంపెనీ అమ్ముడైతే ఫండుకి ముందుగా ఎంత అన్న షరతు, అంటే లిక్విడేషన్ ప్రిఫరెన్స్ దగ్గర ఇంకో పదం: పార్టిసిపేటింగ్. రేపు కంపెనీ 10 కోట్లకి అమ్ముడైందనుకుందాం. 1ఎక్స్ (పెట్టినంతే) నాన్-పార్టిసిపేటింగ్ అయితే ఫండు తన 4 కోట్లు గానీ, 20 శాతం వాటాకి వచ్చే 2 కోట్లు గానీ, ఏది ఎక్కువైతే అది తీసుకుంటుంది. అంటే 4. పార్టిసిపేటింగ్ అయితే ముందు 4 తీసుకుని, మిగిలిన 6లో మళ్ళీ 20 శాతం, మొత్తం 5.2 కోట్లు. అదే 30 కోట్లకి అమ్మితే మొదటి పద్ధతిలో 6, రెండో పద్ధతిలో 9.2. మంచి రోజుల్లో కూడా 3 కోట్ల 20 లక్షల తేడా, ఒక్క పదానికి. ఈ రౌండులో నాన్-పార్టిసిపేటింగే ఉంది, అదృష్టం. యాంటీ-డైల్యూషన్, అంటే తర్వాత తక్కువ ధరకి షేర్లు అమ్మితే ఫండుకి ఉండే రక్షణ, అది కూడా వెయిటెడ్ యావరేజే. ఫుల్ రాచెట్ (ఫండు ధర కూడా నేరుగా ఆ కొత్త ధరకే దిగడం) ఉండి ఉంటే, రేపు ఎవరికైనా 700 ధరకి కోటి రూపాయల షేర్లు అమ్మినా ఫండు చేతిలో ఉన్న 28,571 రెట్టింపయ్యేవి. వెయిటెడ్ యావరేజ్‌లో కొత్త షేర్లు ఎన్నో కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి మార్పిడి ధర (ఫండు షేర్లు ఈక్విటీగా మారే ధర) 1,400 నుంచి 1,336 దగ్గరికి దిగుతుంది, షేర్లు 29,930 దాకా వెళ్తాయి. మొదటిది పిడుగు, రెండోది జల్లు.

కేటాయించేది ఈక్విటీ (మామూలు షేర్లు) కాదు, సీసీపీఎస్. తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు. అమెరికాలో వాడే సేఫ్ నోటు (డబ్బు ఇప్పుడు, షేర్లు తర్వాత అనే ఒప్పందం) మన చట్టంలో షేరూ కాదు, అప్పూ కాదు. అందుకే ఇక్కడ ఐసేఫ్ పేరుతో దాన్నీ సీసీపీఎస్ రూపంలోనే ఇస్తారు. కన్వర్టిబుల్ నోటు (తర్వాత షేర్లుగా మారగల అప్పు) కావాలంటే కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉండాలి, ఒక్కొక్కరి నుంచి ఒకే విడతలో 25 లక్షలకి తగ్గకూడదు. "ఐదుగురు స్నేహితుల దగ్గర తలా ఐదు లక్షలు నోటు మీద తీసుకున్నాం" అని వచ్చేవాళ్ళకి ఈ మాట చెప్పడం కష్టంగా ఉంటుంది.

పదకొండింటికి కాగితాల వరుస సరిచూడటం మొదలైంది. ఆథరైజ్డ్ క్యాపిటల్ (కంపెనీ ఎంతవరకు షేర్లు జారీ చెయ్యొచ్చో ఆ పరిమితి) 10 లక్షలు, పది రూపాయల ముఖవిలువతో లక్ష షేర్లు. అవన్నీ వ్యవస్థాపకుల దగ్గరే ఉన్నాయి, కొత్తవాటికి చోటే లేదు. పైగా సీసీపీఎస్ తరగతి కంపెనీ మూల పత్రమైన మెమోరాండంలో విడిగా ఉండాలి. కాబట్టి ఈజీఎం (వాటాదారుల ప్రత్యేక సమావేశం) పెట్టి క్యాపిటల్ పెంచారు, దానికి ఎస్‌హెచ్-7 ఫారం వేశారు. మీటింగుకి 21 రోజుల నోటీసు కావాలి, వాటాదారుల్లో ఎక్కువమంది, అదీ 95 శాతం వాటా ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే తక్కువ నోటీసుతో కానివ్వొచ్చు. ఇద్దరే ఉన్నప్పుడు అది ఇబ్బంది కాదు. పదిహేను మంది ఏంజెల్స్ (సొంత డబ్బు పెట్టే వ్యక్తులు) ఉన్న కంపెనీలో, ఐదు శాతం పైన వాటా ఉన్న ఒకాయన అమెరికా ప్రయాణంలో ఉంటే రౌండు మొత్తం ఆయన ఫోను కోసం ఆగుతుంది.

ఆ తర్వాత విలువ నివేదిక. 2012లో వచ్చిన ఏంజెల్ ట్యాక్స్‌ను (సరైన విలువకి మించి తీసుకున్న షేరు ధర మీద పన్ను) 2024 బడ్జెట్‌లో ఎత్తేశారు కదా, ఇక వాల్యుయేషన్ రిపోర్టు ఎందుకని చాలామంది అడుగుతారు. పన్ను పోయింది, రిపోర్టు పోలేదు. కంపెనీల చట్టానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలి. విదేశీ మారకపు చట్టం ఫేమాకి చార్టర్డ్ అకౌంటెంటో, మర్చంట్ బ్యాంకరో ఇచ్చిన ధర కావాలి, విదేశీయులకి అంతకంటే తక్కువకి షేరు ఇవ్వకూడదు. తర్వాత వాటాదారుల స్పెషల్ రిజల్యూషన్, దాన్ని ఎంజీటీ-14 ఫారంలో దాఖలు చెయ్యడం. అది దాఖలయ్యాకే పాస్-4, అంటే ఫండు పేరు మీద నంబరు వేసిన ఆఫర్ లెటరు. పాస్-4 వెళ్ళాకే డబ్బు రావాలి. ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద నిలువుగా రాసి చూస్తే ఎక్కడ తడబడ్డారో వెంటనే కనిపిస్తుంది. ఇక్కడ వరుస బాగానే ఉంది. తేడా బ్యాంకు దగ్గర వచ్చింది.

విదేశం నుంచి సొమ్ము నేరుగా ఖాతాలో పడదు. బ్యాంకు ముందు ఒక మెయిల్ పంపుతుంది: ఇంత వచ్చింది, దేనికి, ఏ ఖాతాలో వెయ్యమంటారు అని. దానికిచ్చే జవాబే డిస్పోజల్ లెటరు. ఈ సొమ్ము విడిగా తెరిచిన ఖాతాలోనే ఉండాలి. ఆ ఖాతా తెరిచే ఉంది. కానీ అకౌంట్స్ చూసే కుర్రాడు పాత లెటరునే కాపీ చేసి పంపాడు, అందులో కరెంట్ ఖాతా నంబరుంది. సోమవారం సాయంత్రం డబ్బు అందులోకి వెళ్ళింది. మంగళవారం తెల్లారేసరికి క్లౌడ్ సర్వర్ల బిల్లు 86,400 ఆటో డెబిట్. అంతకుముందు ఖాతాలో ఉన్నది 51,000. అంటే 35,400 ఫండు సొమ్ములోంచే పోయినట్టు. జీతాల సంగతి అడగబట్టి ఇది బయటపడింది, లేకపోతే ఆడిటులో తేలేది.

ఇది చిన్న విషయమని వదలడానికి లేదు. 42వ సెక్షన్ ఉల్లంఘనకి జరిమానా సేకరించిన మొత్తం గానీ, 2 కోట్లు గానీ, ఏది తక్కువైతే అంతదాకా వెళ్ళొచ్చు. డబ్బు వడ్డీతో సహా వెనక్కివ్వాల్సి కూడా రావొచ్చు. చేసినదాన్ని చెరిపేసే ఫారం ఏదీ లేదు. చెయ్యగలిగింది చేశారు: ఒక డైరెక్టరు తన సొంత ఖాతా నుంచి 35,400 కంపెనీకి అప్పుగా వేశారు. ఇది అప్పు చేసి తెచ్చింది కాదని రాతపూర్వకంగా ఇచ్చారు, ఏడాది చివర డీపీటీ-3 ఫారంలో చూపించాలి. ఆ వెంటనే ఫండు నుంచి వచ్చిన సొమ్మంతా విడి ఖాతాకి మార్చారు. కరెంట్ ఖాతా మీద ఉన్న ఆటో డెబిట్లన్నీ ఆపారు. జరిగింది జరిగినట్టు బోర్డు మినిట్స్‌లో రాశారు. రిజిస్ట్రారు దగ్గర తమంతట తామే ఒప్పుకుని జీఎన్ఎల్-1 దరఖాస్తు వెయ్యాలా అన్నది లాయరు చెప్పాలి. దాచితే వచ్చే రౌండుకి ముందు జరిగే తనిఖీలో, అంటే డ్యూ డిలిజెన్స్‌లో, బ్యాంకు స్టేట్‌మెంటే పట్టిస్తుంది.

మధ్యాహ్నం పెరుగన్నం ముందు మామూలు ప్రశ్న: "సింగపూర్‌లోనే హోల్డింగ్ కంపెనీ పెట్టుకుంటే ఈ గోల ఉండదు కదా సార్?" అంటే ఇక్కడి కంపెనీకి యజమానిగా అక్కడ ఇంకో కంపెనీ. ఒక సింగపూర్ డాలరు మూలధనంతో కంపెనీ పెట్టొచ్చు, నిజమే. అక్కడ ఉండే డైరెక్టరు ఒకరు కావాలి, ఆరు నెలల్లో సెక్రటరీని పెట్టుకోవాలి. కార్పొరేట్ పన్ను 17 శాతం. కానీ ఇక్కడి వాటాల్ని అక్కడి వాటాలకి మార్చుకోవడమే ఒక పన్ను సంగతి, తిరిగి రావడం ఇంకో పన్ను సంగతి. ఫోన్‌పే 2022లో సింగపూర్ నుంచి ఇండియాకి మారినప్పుడు దాని పెట్టుబడిదారులు దాదాపు 8,000 కోట్ల పన్ను కట్టారని ఆ కంపెనీ వాళ్ళే బయటికి చెప్పారు. కొనేవాళ్ళు, అమ్మేది, చివరికి లిస్టింగూ ఇక్కడే అయితే ఇంటికి రెండు తలుపులు దేనికి? నా ఓటు హైదరాబాదుకే. కస్టమర్లు జకార్తాలో, మనీలాలో ఉన్న కంపెనీ అయితే మాట వేరు.

పెట్టుబడి కబుర్లలో ఎప్పుడూ వినపడేవి సాఫ్ట్‌బ్యాంక్ 2000లో అలీబాబాలో పెట్టిన 2 కోట్ల డాలర్లు, నాస్పర్స్ 2001లో 3.2 కోట్ల డాలర్లకి కొన్న టెన్సెంట్ 46.5 శాతం వాటా. ఆ కాగితాలు ఎవరు సర్దారో ఎవరూ చెప్పరు.

మూడింటికి అసలు లెక్క. ఒప్పందంలో ధర రూపాయల్లో, సొమ్ము వచ్చింది డాలర్లలో. 28,571 షేర్లకి 1,400 చొప్పున 3,99,99,400 రావాలి. మధ్యలో బ్యాంకు తన ఛార్జీ కోసుకోగా పడింది 3,99,97,280. 2,120 తక్కువ. పంపేటప్పుడు ఛార్జీలన్నీ పంపేవాళ్ళవే అని, "అవర్" అనే ఎంపిక టిక్ చెయ్యమంటే ఈ బాధ ఉండేది కాదు. లేదా వెయ్యికి పది రూపాయలు ఎక్కువ పంపమని, మిగిలింది వెనక్కివ్వొచ్చు. ఇప్పుడు వచ్చిన డబ్బుకి 28,569 షేర్లే వస్తాయి, విలువ 3,99,96,600. మిగులు 680. దాన్ని ఫండుకి తిరిగి పంపాలి. పంపడానికయ్యే ఖర్చు అంతకు మించి ఉంటుంది, అయినా పంపాల్సిందే. లేకపోతే విదేశీ పెట్టుబడి వివరాలతో రిజర్వు బ్యాంకుకి ఇచ్చే ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారంలో వచ్చిన డబ్బుకీ, ఇచ్చిన షేర్లకీ పొంతన కుదరక బ్యాంకు తిప్పి కొడుతుంది.

ఎఫ్‌సీ-జీపీఆర్ తిరిగొచ్చే కారణాలు సాధారణంగా మూడు. డబ్బు పంపింది ఫండు కాకుండా దాన్ని నడిపే మేనేజ్‌మెంట్ కంపెనీ కావడం. విదేశం నుంచి సొమ్ము వచ్చిందని బ్యాంకు ఇచ్చే ఎఫ్ఐఆర్‌సీ పత్రంలో ప్రయోజనం పెట్టుబడి అని కాక సేవల రుసుము అని పడటం. ఫండు వెనక ఉన్న అసలు యజమానుల డిక్లరేషన్ లేకపోవడం. 2020 ఏప్రిల్‌లో పొరుగు దేశాల పెట్టుబడి మీద కేంద్రం ప్రెస్ నోట్ 3 తెచ్చినప్పటి నుంచి, మనతో సరిహద్దున్న దేశాల డబ్బు ఉందా అని బ్యాంకులు గుచ్చి గుచ్చి అడుగుతున్నాయి. సింగపూర్ చిరునామా ఉంటే సరిపోదు, ఆ ఫండులో ఎవరు డబ్బు పెట్టారన్నది కావాలి. ఆ కాగితం టర్మ్ షీటుతో పాటే అడిగి పెట్టుకోవాలి. చివర్లో అడిగితే ఫండు వాళ్ళ లాయర్లు మూడు వారాలు తీసుకుంటారు.

సాయంత్రం ఐదున్నరకి బోర్డు మీటింగు వీడియోలో అయింది. 28,569 సీసీపీఎస్ కేటాయించారు. డబ్బొచ్చిన 60 రోజుల్లోపు జరగాల్సింది నాలుగో రోజునే అయింది. ఇప్పటి నుంచి పాస్-3కి 15 రోజులు, ఎఫ్‌సీ-జీపీఆర్‌కి 30 రోజులు, షేర్ సర్టిఫికెట్లకి రెండు నెలలు. స్టాంపు డ్యూటీ 0.005 శాతం, మొత్తం మీద 2,000 రూపాయలు. ఎఫ్‌సీ-జీపీఆర్ ఒక నెల ఆలస్యమైతే రుసుము 7,500 మీద ఇంకొంచెం, ఎనిమిది వేల పైచిలుకు. డబ్బు పెద్దది కాదు, రికార్డులో మచ్చ.

పాస్-3 ఈ రాత్రికే వేసేద్దామనుకుంటే డైరెక్టరు డిజిటల్ సిగ్నేచర్ గడువు నిన్నటితో అయిపోయింది. కొత్తది వీడియో వెరిఫికేషన్ అయ్యాక రేపు మధ్యాహ్నానికి వస్తుంది, పోర్టల్లో మళ్ళీ అనుసంధానం చెయ్యాలి. ఎనిమిదింటికి మళ్ళీ అదే ఫోను, జీతాల గురించే. సోమవారం అని చెప్పి పెట్టేశాను. రేపు పదకొండుకి బ్యాంకు, 680 రూపాయలు సింగపూర్ పంపడానికి.