తల సమీకరణం: అభిలంబం దొరికితే లెక్క దొరికినట్టే

ఏపీ ఈఏపీసెట్ రాయబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, అందులోనూ చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు నుంచి తిరుపతికి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవారికి, త్రిపరిమాణ రేఖాగణితంలోని తలం అధ్యాయం నాకు ఎలా పట్టుబడిందో వివరంగా రాస్తున్నాను. 160 ప్రశ్నల్లో గణితానివే 80 కాబట్టి, తలం మీద నేరుగా వచ్చే ప్రశ్నలు కొద్దివే అయినా వాటిని వదులుకోవడం తెలివైన పని కాదు. పైగా సదిశలు, దిక్ కొసైన్లు, నిర్ధారకాలు అన్నీ ఇక్కడికి వచ్చి కలుస్తాయి కనుక, ఈ ఒక్క అధ్యాయం శ్రద్ధగా చదివితే ఆ మూడింటికీ పునశ్చరణ జరిగిపోతుంది. జేఈఈ కూడా రాసేవారు ఒక విషయం గమనించాలి. 2024 నుంచి మెయిన్ సిలబస్‌లో తల సమీకరణం లేదు, అడ్వాన్స్‌డ్ సిలబస్‌లో మాత్రం ఉంది. మెయిన్ పాత ప్రశ్నపత్రాల్లో తలాల లెక్కలు కనిపిస్తే, అవి అడ్వాన్స్‌డ్‌కూ ఈఏపీసెట్‌కూ పనికివస్తాయన్న ఉద్దేశంతోనే చేయండి.

సూత్రాల పట్టికను మంచం పక్కన గోడకు అంటించుకోవడం మనలో చాలామందికి అలవాటు. అందులో అభిలంబ రూపం, అంతరఖండ రూపం, మూడు బిందువుల గుండా పోయే తలం, బిందువు నుంచి లంబదూరం అంటూ వరుసగా సూత్రాలుంటాయి. వాటిని విడివిడిగా బట్టీ పట్టడం వృథా శ్రమ అని నా అభిప్రాయం, ఎందుకంటే అవన్నీ చెప్పేది ఒకే మాట. తలాన్ని నిర్ణయించడానికి దాని మీద ఒక బిందువు, దానికి లంబంగా ఉండే ఒక దిశ తెలిస్తే చాలు. ఆ దిశే అభిలంబం. తెలిసిన బిందువు నుంచి తలం మీది మరే బిందువుకు గీత గీసినా ఆ గీత అభిలంబానికి లంబంగానే ఉంటుంది కాబట్టి, ఆ రెండు సదిశల డాట్ ప్రొడక్ట్ (సరిపోలే నిరూపకాలను గుణించి కూడితే వచ్చే సంఖ్య) సున్నా అవుతుంది. ఈ మాటను నిరూపకాల్లో రాస్తే వచ్చేదే తల సమీకరణం. అందులో ఎక్స్, వై, జెడ్‌ల గుణకాలు అభిలంబపు దిక్ సంఖ్యలు, అంటే దాని దిశను చెప్పే మూడు సంఖ్యలు. స్థిరపదం ఆ తలం ఎక్కడ ఉందో చెబుతుంది. గుణకాలను కదపకుండా స్థిరపదాన్ని మాత్రమే మార్చితే తలం వాలు మారకుండా సమాంతరంగా పక్కకు జరుగుతుంది.

బాలాజీ కాలనీలో నేనున్న హాస్టల్‌లో మేడ మీది రేకుల షెడ్డే స్టడీ హాలు. ఈ అధ్యాయానికి ఆ వాలు రేకులకంటే మంచి నమూనా నాకు దొరకలేదు. నేల మీద ఒక మూలను మూలబిందువుగా పెట్టుకుని, పొడుగు గోడ వెంట ఎక్స్-అక్షం, అడ్డగోడ వెంట వై-అక్షం, నిట్టనిలువుగా జెడ్-అక్షం తీసుకుందాం. పొడుగు గోడ దగ్గర రేకు 8 అడుగుల ఎత్తులో, 10 అడుగుల దూరంలోని ఎదుటి గోడ దగ్గర 10 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, ఒక్కో అడుగు లోపలికి వేసే కొద్దీ రేకు ఎత్తు అడుగులో ఐదోవంతు చొప్పున పెరుగుతుంది. దీన్నే సమీకరణంగా రాస్తే వై − 5జెడ్ + 40 = 0 వస్తుంది; అభిలంబపు దిక్ సంఖ్యలు 0, 1, −5. ఇక్కడ ఎక్స్ కనిపించకపోవడం ముఖ్యమైన సంగతి. పొడుగు గోడ వెంట ఎంత దూరం నడిచినా నెత్తిమీది రేకు ఎత్తు మారదు, అంటే ఎక్స్ విలువ ఎంతైనా కావచ్చు, తలం ఎక్స్-అక్షానికి సమాంతరంగా ఉంది. ఎక్స్ లేదు కాబట్టి ఎక్స్ విలువ సున్నా అనుకుని తప్పు ఐచ్ఛికాన్ని ఎంచుకునేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

అదే షెడ్డులో (6, 5, 7) వద్ద ఒక బల్బు వేలాడుతోందనుకుందాం. సరిగ్గా దాని పైన రేకు 9 అడుగుల ఎత్తులో ఉంటుంది కనుక నిలువుగా కొలిస్తే 2 అడుగుల దూరం. ఇప్పుడు బల్బు నిరూపకాలను సమీకరణంలో ప్రతిక్షేపిస్తే 5 − 35 + 40, అంటే 10 వస్తుంది. ఆ 10ని జెడ్ గుణకపు పరిమాణమైన 5తో భాగిస్తే వచ్చే 2 నిలువు దూరం. గుణకాల వర్గాల మొత్తానికి వర్గమూలమైన √26తో భాగిస్తే వచ్చే సుమారు 1.96 లంబదూరం. లంబదూరం సూత్రంలో హారం ఎందుకుందో ఈ రెండు భాగహారాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇంత చిన్న వాలుకు తేడా స్వల్పమే గానీ, రేకు మరింత ఏటవాలుగా ఉంటే అది స్పష్టంగా పెరుగుతుంది.

ద్విపరిమాణ రేఖాగణితం ఎక్కువగా చేసినవారికి మరో అలవాటు అడ్డు వస్తుంది. ఎక్స్ + వై = 4 అనగానే వారికి సరళరేఖే గుర్తుకు వస్తుంది. అంతరాళంలో అది జెడ్-అక్షానికి సమాంతరంగా నిలిచిన తలం. అక్కడ సరళరేఖను చెప్పడానికి ఒక్క సమీకరణం చాలదు, రెండు తలాలు ఖండించుకున్న చోటుగా దాన్ని చెప్పాలి. రేఖ సౌష్ఠవ రూపంలో రెండు సమాన గుర్తులు ఉండటానికి కారణం ఇదే.

మూడు బిందువులు ఇచ్చి తలం అడిగితే ముందు చేయవలసిన పని అభిలంబాన్ని రాబట్టడమే. (2, 0, 1), (3, 2, 0), (1, 1, 4) అనే బిందువులు తీసుకుందాం. మొదటి బిందువు నుంచి మిగతా రెండింటికి సదిశలు (1, 2, −1), (−1, 1, 3). ఈ రెండింటికీ లంబంగా ఉండే సదిశ వీటి క్రాస్ ప్రొడక్ట్; దాన్ని నిర్ధారకంగా రాసి చేస్తే వచ్చే (7, −2, 3) అభిలంబం అవుతుంది, మొదటి బిందువును ప్రతిక్షేపిస్తే 7ఎక్స్ − 2వై + 3జెడ్ = 17 వస్తుంది. మిగిలిన రెండు బిందువులను కూడా పెట్టి చూసుకోవడానికి పట్టే సమయం అతి తక్కువ, నిర్ధారకంలో గుర్తు తారుమారైతే అక్కడే బయటపడుతుంది. అయితే ఈఏపీసెట్‌లో నాలుగు ఐచ్ఛికాలు కళ్లెదుటే ఉన్నప్పుడు ఇదంతా చేయనక్కర్లేదు. ఇచ్చిన బిందువులను ఐచ్ఛికాల్లో ప్రతిక్షేపించి ఏది నిలబడుతుందో చూస్తే సరిపోతుంది. పద్ధతి తెలిసినవారు అడ్డదారిలో వెళ్లడంలో తప్పేమీ లేదు.

అభిలంబ రూపమంటే ఎడమవైపు గుణకాలుగా అభిలంబపు దిక్ కొసైన్లు (దిక్ సంఖ్యలను అభిలంబం పొడవుతో భాగిస్తే వచ్చేవి), కుడివైపు మూలబిందువు నుంచి దూరం ఉండే రూపం. అందులో గుర్తుల విషయంలోనే మార్కులు పోతాయి. 2ఎక్స్ − 3వై + 6జెడ్ + 14 = 0 అనే తలానికి అభిలంబం పొడవు 7. స్థిరపదాన్ని కుడివైపుకు పంపితే −14 వస్తుంది. మూలబిందువు నుంచి దూరం రుణాత్మకం కాకూడదు కాబట్టి ముందు గుర్తులన్నీ మార్చి, తరువాత 7తో భాగించాలి. అప్పుడు దిక్ కొసైన్లు −2/7, 3/7, −6/7, దూరం 2. ఈ రూపానికి 19వ శతాబ్దపు జర్మన్ గణితవేత్త ఒట్టో హెస్సె పేరు పెట్టారు, ఆ పేరును పరీక్షలో ఎవరూ అడగరులెండి. తలం అక్షాలను ఖండించే దూరాలతో, అంటే అంతరఖండాలతో, రాసే అంతరఖండ రూపం గురించి చెప్పవలసింది తక్కువ. మూలబిందువు గుండా పోయే తలానికి ఆ రూపం ఉండదు. అక్షాలను ఖండించే బిందువులతో ఏర్పడే త్రిభుజపు కేంద్రాభాసం ఇస్తే దాని నిరూపకాలను మూడు రెట్లు చేస్తే అంతరఖండాలు వచ్చేస్తాయి.

సాధనలో నాకు బాగా కలిసివచ్చిన పద్ధతి, రకరకాల తలాల మీద ఒక్కో లెక్క చేయడానికి బదులు ఒకే తలాన్ని పట్టుకుని దానితో చేయగలిగినవన్నీ చేయడం. మూలబిందువు నుంచి తలానికి గీసిన లంబపాదం (2, −1, 2) అని ఇచ్చారనుకోండి. లంబపాదం నిరూపకాలే అభిలంబపు దిక్ సంఖ్యలు కనుక సమీకరణం 2ఎక్స్ − వై + 2జెడ్ = 9, మూలబిందువు నుంచి దూరం 3. ఇప్పుడు (3, −2, 5)ను తీసుకుని 9ని ఎడమవైపుకు తెచ్చి ప్రతిక్షేపిస్తే +9, మూలబిందువుకు −9 వస్తాయి. గుర్తులు వేరు కాబట్టి ఆ రెండు బిందువులు తలానికి చెరోవైపు ఉన్నాయి, పరిమాణాలు సమానం కాబట్టి వాటిని కలిపే రేఖాఖండాన్ని తలం సరిగ్గా మధ్యలో ఖండిస్తుంది. ఆ +9ని గుణకాల వర్గాల మొత్తమైన 9తో భాగిస్తే 1 వస్తుంది. బిందువు నుంచి అభిలంబాన్ని ఒకసారి తీసివేస్తే లంబపాదం (1, −1, 3), రెండుసార్లు తీసివేస్తే ప్రతిబింబం (−1, 0, 1). పుస్తకంలో పొడుగ్గా కనిపించే ప్రతిబింబ సూత్రం చేసే పని ఇంతే. సమాంతర తలాల మధ్య దూరానికి 4ఎక్స్ − 2వై + 4జెడ్ + 6 = 0ను జతగా తీసుకోండి. ముందు దాన్ని 2తో భాగించి గుణకాలను ఒకేలా చేయాలి. అప్పుడు స్థిరపదాల తేడా 12, దూరం 4. భాగించకుండానే స్థిరపదాలను తీసివేస్తే వచ్చే జవాబు కూడా సాధారణంగా ఐచ్ఛికాల్లో ఒకటిగా కూర్చుని ఉంటుంది.

రెండు తలాల మధ్య కోణమంటే వాటి అభిలంబాల మధ్య కోణమే కాబట్టి అందులో చిక్కు లేదు. చిక్కంతా రేఖకూ తలానికీ మధ్య కోణంలో వస్తుంది. దిక్ సంఖ్యలు 1, 2, 2 ఉన్న రేఖను పై తలంతోనే పోల్చితే డాట్ ప్రొడక్ట్ 4, పొడవులు రెండూ 3 కనుక 4/9 వస్తుంది. ఇది రేఖకూ అభిలంబానికీ మధ్య కోణపు కొసైన్. మనకు కావలసినది తలంతో చేసే కోణం, అది ఆ కోణానికి పూరకం. అందుచేత 4/9 దానికి సైన్ విలువ అవుతుంది. ఒకవేళ డాట్ ప్రొడక్ట్ సున్నా వస్తే కోణం లేదని రాసి ముందుకు వెళ్లకుండా, రేఖ మీది ఒక బిందువును తల సమీకరణంలో పెట్టి చూడండి. అది సరిపోతే రేఖ మొత్తం తలంలోనే ఉంది, సరిపోకపోతే రేఖ తలానికి సమాంతరంగా దూరంగా పోతోంది.