కేదారంలో కనిపించేది వెన్ను

నా భార్య పోయిన పద్నాలుగు నెలలకు, సెప్టెంబరు చివరి వారంలో, నేను కేదారనాథ్ బయలుదేరాను. ఆ ప్రయాణంలో భక్తి కన్నా ఇంటి నుంచి తప్పించుకోవాలన్న కోరికే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకోగలను. పరామర్శకు వచ్చినవారిలో కొందరు "అంతా మన మంచికే" అన్నారు, మరికొందరు పూర్వజన్మ కర్మ అన్నారు. ఆ మాటలు వినేవారి కన్నా చెప్పేవారికే ఎక్కువ ఊరటనిస్తాయని నాకు అనిపించింది. నన్ను తొలిచేస్తున్నది వేరే. కడుపులో నొప్పిగా ఉందని ఆమె మొదటిసారి చెప్పిన రోజుకూ, నేను ఆమెను వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళిన రోజుకూ నడుమ మూడు వారాలు గడిచాయి. పనులున్నాయంటూ వాయిదా వేసింది నేనే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి కూడా.

రుద్రప్రయాగ వద్ద మందాకిని అలకనందలో కలుస్తుంది. అక్కడి నుంచి దారి మందాకినిని పట్టుకుని పైకి వెళుతుంది. గుప్తకాశిలో ఆగినప్పుడు చిన్నతనంలో విన్న కథ గుర్తుకు వచ్చింది. కురుక్షేత్రంలో గెలిచిన పాండవులు, బంధువులను చంపిన పాపం పోగొట్టుకోవడానికి శివుణ్ణి వెతుకుతూ వస్తే, ఆయన వారికి కనిపించడం ఇష్టంలేక ఇక్కడ దాక్కున్నాడట. అందుకే ఆ ఊరికి ఆ పేరు. తరువాత వృషభరూపంలో భూమిలోకి దిగిపోతుంటే భీముడు పట్టుకున్నాడనీ, చేతికి చిక్కిన మూపురమే కేదారంలో లింగమైందనీ చెబుతారు. బాహువులు తుంగనాథ్‌లో, నాభి మధ్యమహేశ్వర్‌లో, ముఖం రుద్రనాథ్‌లో, జటలు కల్పేశ్వర్‌లో వెలిశాయట. యుద్ధం గెలిచినవారికి కూడా నిద్ర పట్టలేదన్న మాట ఈ కథలో ఉందని నాకు ఆ పూట మొదటిసారి తట్టింది.

గౌరీకుండ్ నుంచి నడక సుమారు 16 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు దాదాపు 1,600 మీటర్లు. మొదటి గంటన్నర నా తల నిండా ఆ మూడు వారాలే తిరిగాయి. ఆ రోజే వెళ్ళి ఉంటే, ఆ మరునాడైనా వెళ్ళి ఉంటే అని నాతో నేను వాదులాడుకుంటూ నడిచాను. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి, పది అడుగులు వేసి ఆగడం, మళ్ళీ పది అడుగులు వేయడం తప్ప మరొకటి చేతకాని స్థితి వచ్చింది. ఊపిరి అందనప్పుడు మనసు వాదించలేదు. దానిని శాంతి అనుకుని పొరపడలేదు, అది ఒట్టి అలసట. కూర్చున్న మరుక్షణం ఆ లెక్క మళ్ళీ మొదలయ్యేది. అయినా పద్నాలుగు నెలల తరువాత ఆ లెక్క మధ్యలో ఖాళీలు దొరకడం, అలాంటి ఖాళీ సాధ్యమేనని ఒంటికి తెలియడం చిన్న విషయం కాదు.

రామ్‌బాడా దగ్గర దారి వంతెన మీదుగా నది అవతలి ఒడ్డుకు మారుతుంది. 2013 జూన్ 16, 17 తేదీలలో కుండపోత వానలతోనూ, పైనున్న చోరాబారీ సరస్సు కట్ట తెగడంతోనూ వచ్చిన వరదలకు ఆ మజిలీ మొత్తం కొట్టుకుపోయింది, పాత కాలిబాట కూడా దానితోపాటే పోయింది. నా సామాను మోస్తున్న పెద్దాయన అక్కడ బుట్ట దించి, రాళ్ళు తప్ప ఏమీ లేని ఒక చోటు చూపించి, తమ్ముడూ తానూ నడిపిన దుకాణం అదేనన్నాడు. తమ్ముడు దొరకలేదట. రోజూ ఈ చోటు దాటి ఎలా నడుస్తున్నావని నాకు వచ్చిన హిందీలో అడిగాను. ఆయన ఆకాశం వైపు చూసి, మధ్యాహ్నానికి వాన పడుతుందనీ, అంతలోగా లించోలీ దాటాలనీ చెప్పి, బుట్ట పట్టీలు భుజాలకు ఎక్కించడానికి సాయం పట్టమన్నాడు. పట్టాను. ఆయన మౌనానికి నేను తాత్పర్యం రాయడం న్యాయం కాదు. వరదకు ఆయన ఏదో అర్థం కనుక్కున్నాడని నాకు అనిపించలేదు. కనుక్కోకుండానే, నాలాంటివారిని పైకి చేర్చే పని చేస్తున్నాడు. నేను మాత్రం కారణం తేలితే తప్ప అడుగు ముందుకు వేయనని పద్నాలుగు నెలలు భీష్మించుకు కూర్చున్నాను.

ఆలయం 3,583 మీటర్ల ఎత్తున ఉంది. దాని వెనుక భీమశిల అని పిలిచే పెద్ద బండ ఉంది. వరదలో కొట్టుకువచ్చి గుడి వెనుకనే ఆగి, నీటిని రెండు పాయలుగా చీల్చి గుడిని కాపాడినది అదే. అందరూ దానికి మొక్కుతున్నారు. నేనూ చేతులు జోడించాను కాని, గుడిని కాపాడిన ఆ రాయి మనుషులకు ఎందుకు అడ్డు నిలవలేదన్న ప్రశ్న నాలోనే ఉండిపోయింది. ఆ ప్రశ్నను అణచుకోవడం భక్తి అని నేను అనుకోను.

మరునాడు తెల్లవారుజామున గర్భగుడిలోకి వెళ్ళనిచ్చారు. లింగం మనకు అలవాటైన నున్నని ఆకారంలో లేదు, ముక్కోణంగా లేచిన గరుకు బండరాయి. నెయ్యి రాసి, తల ఆనించాను. రాయి చల్లగా ఉంది. గుప్తకాశిలో తలచుకున్న కథ అప్పుడు మరోలా వినిపించింది. ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చిన పాండవులకు ఇక్కడ దొరికింది ముఖం కాదు, మూపురం, అంటే వెళ్ళిపోతున్నవాడి వెన్ను. ఎందుకు అన్న ప్రశ్నకు ఎదుట నిలబడి జవాబు చెప్పే ముఖం ఇక్కడ లేదు. మొక్కవలసింది ఆ వెన్నుకే. వారు యుద్ధాన్ని తిరగరాయలేకపోయారు. నా మూడు వారాలనూ నేను తిరగరాయలేను. కాని వాటిని దాచి ఉంచడం మాత్రం నేను ప్రతిరోజూ కొత్తగా చేస్తున్న పని, అది మానడం నా చేతిలోనే ఉంది.

ఆ మధ్యాహ్నమే దిగడం మొదలుపెట్టాను. దిగుతుంటే మోకాళ్ళు వణికాయి. గౌరీకుండ్ చేరాక అమ్మాయికి ఫోన్ చేసి, దర్శనం సంగతి కన్నా ముందు ఆ మూడు వారాల గురించి చెప్పాను. ఏ రోజు నొప్పి అన్నదో, ఏ రోజు తీసుకువెళ్ళానో, నడుమ ఏమేమి సాకులు చెప్పానో అన్నీ చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమోనని రెండుసార్లు చూసుకున్నాను.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి నాన్నా?" అని అడిగింది చివరికి.

నొప్పిగా ఉన్నాయని చెప్పాను.