ఫోమ్ ప్యాడు చిరగకుండా నల్ల కారుకు పాలిష్: నా అనుభవం

నల్ల కారు కొన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు పాలిష్ గురించి ఆలోచించక తప్పదు. మా అపార్టుమెంటులో కార్లు తుడిచే కుర్రాడు తెల్లవారకముందే ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో సెల్లారంతా చుట్టేస్తాడు. మొదటి కారు మీది ఇసుక చివరి కారు దాకా చేరుతుంది. దానికి తోడు హైదరాబాదు బోరు నీళ్లు. ఎండలో నిలబెట్టి చూస్తే మా బానెట్ నిండా గుండ్రటి సన్న గీతలు, నీటి చుక్కలు ఎండిన చోట తెల్లని మరకలు. వాటిని చేత్తో రుద్ది పోగొట్టడం అయ్యే పని కాదు. మెషిన్ కావాలి, దానికి ఫోమ్ ప్యాడ్లు కావాలి.

మెషిన్ల గురించి చదవాల్సినంత చదివి, 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడు పక్కలకు ఊగే వెడల్పు) ఉన్న డ్యూయల్ యాక్షన్ పాలిషర్ తీసుకున్నాను. అందరూ డీఏ అని పిలిచేది అదే. రోటరీ మెషిన్ ఒకే కేంద్రం చుట్టూ గిర్రున తిరుగుతుంది, అలవాటు లేని చేతిలో పెయింటును కాల్చేస్తుంది. డీఏలో ప్యాడు తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకు ఊగుతూ చిన్న చిన్న సున్నాలు చుడుతుంది. అందుకే అది పెయింటుకు భద్రం. పెయింటుకు తప్పిన దెబ్బ చాలాసార్లు ప్యాడుకు తగులుతుందన్న సంగతి మాత్రం మియాపూర్‌లో కార్లకు పాలిష్ పెట్టే డిటైలింగ్ షాపు నడిపే మిత్రుడు చెబితే తెలిసింది.

"అందరూ ఏ మెషిన్ కొన్నావని అడుగుతారు అన్నా, ఎన్ని ప్యాడ్లు కొన్నావని ఎవరూ అడగరు" అంటూ షాపు వెనక ఉన్న ఒక అట్టపెట్టెను నా ముందు కుమ్మరించాడు. అన్నీ పనికిరాకుండా పోయిన ప్యాడ్లే. పారేయకుండా ఎందుకు దాచాడంటే, కొత్తగా చేరే పనివాళ్లకు చూపించడానికట. మెషిన్ వాడటం నేర్పే ఏ వీడియో కంటే ఆ పెట్టె నాకు ఎక్కువ నేర్పింది.

కొన్ని ప్యాడ్లు పైకి బాగానే ఉన్నాయి. నడిమధ్యన వేలితో నొక్కితే లోపలికి దిగిపోతున్నాయి. వెనక వెల్క్రోకు, ఫోముకు మధ్య జిగురు వదిలేసి లోపల బోలు పడిందన్నమాట. కొన్నిటి అంచులు ముక్కలుగా తెగిపోయాయి. కొన్నిటి ముఖం గట్టిపడి, అక్కడక్కడ ఫోము పెచ్చులు లేచిపోయాయి. ఇంకొన్నిటికి వెల్క్రో నూగు అణిగిపోయి, ప్యాడును పట్టి ఉంచే మెషిన్ ప్లేటుకు (బ్యాకింగ్ ప్లేటు) అంటించినా పట్టు లేదు. అంచులు తెగినవి వదిలేస్తే, మిగతా అన్నిటికీ ఏదో ఒక రూపంలో వేడే కారణమని అతను విడమరచి చెప్పాడు. ఫోము అంటే పాలీయురెథేన్, వేడిని బయటికి పోనివ్వదు. కారు రేకు ఇనుము కాబట్టి తనకు తగిలిన వేడిని చుట్టూ పంచేస్తుంది. ప్యాడు మధ్యలో పుట్టిన వేడికి మాత్రం దారి ఉండదు. అది జిగురును మెత్తబరుస్తుంది, ప్లేటు మీది వెల్క్రో కొక్కేలను కూడా వంచేస్తుంది.

ఇక్కడ డీఏ గుట్టు ఒకటి అర్థం చేసుకోవాలి. ఈ రకం మెషిన్లలో చాలావాటికి మోటారు బలవంతంగా చేయించేది ఊగడం ఒక్కటే. తిరగడం దానంతట అదే జరుగుతుంది. గట్టిగా నొక్కినా, ప్యాడును ఒక పక్కకు వంచినా, వంపు మీద పెట్టినా ఆ తిరగడం ఆగిపోతుంది, ఊగడం మాత్రం ఆగదు. అప్పుడు ఫోము ఉన్నచోటే నిమిషానికి వేల సార్లు అటూ ఇటూ నలుగుతుంది. గీతలు పోవు, వేడి పెరుగుతుంది. గీత పోవడం లేదని మనిషి ఇంకా నొక్కుతాడు. ప్యాడ్ల చావుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క అపోహ వల్లేనని నా నమ్మకం.

అందుకే నేను మొదట చేసిన పని బ్యాకింగ్ ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక నల్లగీత గీయడం. పని చేస్తున్నంతసేపూ నా కన్ను పెయింటు మీద కాదు, ఆ గీత మీదే. గీత తిరుగుతూ కనిపిస్తే సరే. నిలిచిపోయిందంటే చేతి బరువు తగ్గించాలి, లేదా ప్యాడును సమంగా ఆనించాలి. రూపాయి ఖర్చు లేని ఈ గీత కంటే మంచి పరికరం నాకు దొరకలేదు. కొందరు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గురి పెట్టి చూసుకుంటారు. అది రేకు వేడిని చెబుతుందే తప్ప, ప్యాడు లోపలి సంగతి చెప్పదు. నేను ప్యాడును ఊడదీసి వెనక వైపు చేయి పెట్టి చూసేవాడిని. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చేయి ఆనించలేనంత ఉంటే ఆ ప్యాడుకు విశ్రాంతి.

ఎంత నొక్కాలన్నది మాటల్లో చెబితే తెలియదు. ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ మీద తువ్వాలు పరిచి, ఆపి ఉన్న పాలిషర్‌ను దాని మీద పెట్టి నొక్కి చూశాను. నాలుగైదు కిలోల దగ్గర చేయి ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకున్నాను. మా ఆవిడ ఈ తూకం చూసి నవ్వింది కానీ, బానెట్ దగ్గరికి వెళ్లాక ఆ గుర్తు బాగా అక్కరకొచ్చింది.

ప్లేటు, ప్యాడు కొలతలు కూడా ముఖ్యమే. ప్లేటు 5 అంగుళాలైతే ప్యాడు అయిదున్నర ఉండాలి. చుట్టూ కాస్త ఫోము బయటికి ఉంటే, డోరు హ్యాండిల్‌కో అద్దానికో పొరపాటున తగిలినా గట్టి ప్లేటు గుద్దుకోదు. ప్యాడ్ల రంగులను నమ్ముకోవద్దని కూడా మిత్రుడు హెచ్చరించాడు. ఒక కంపెనీ నారింజ ప్యాడు కోతకు, అంటే గీతలు తీయడానికి, ఇంకో కంపెనీ నారింజ ప్యాడు నునుపుకు. రంగు ఎవరి ఇష్టం వారిది, పెట్టె మీద రాసింది చదివి కొనాల్సిందే. గీతలు తీసే గరుకు పేస్టు అయిన కాంపౌండుకు నాలుగు, చివరి నునుపు తెచ్చే ఫినిషింగ్‌కు రెండు ప్యాడ్లు కొన్నాను. ఒక్కోటి వెయ్యి రూపాయల దరిదాపుల్లో ఉండటంతో జాగ్రత్త దానంతట అదే వచ్చింది.

కారు కడిగి, పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే క్లే బార్ (మెత్తని బంకమట్టి ముద్ద) పట్టించి, ఆరాక టేపు పని మొదలైంది. విసుగు పుట్టించే పని, కానీ అంచులు తెగిన ఆ ప్యాడ్లు కళ్ల ముందు మెదులుతుంటే ఓపిక అదే వచ్చింది. నంబరు ప్లేటు మూలలు, కంపెనీ పేరు అక్షరాలు, బానెట్ మీది వాషర్ నాజిళ్లు, కిటికీల రబ్బరు బీడింగు, రేకు మడత పదునుగా ఉన్న గీతలు, అన్నిటికీ మాస్కింగ్ టేపు వేశాను. ఆ పదును గీతల దగ్గర టేపు రెండు పనులు చేస్తుంది. ప్యాడు కోసుకుపోదు, పెయింటు పలచబడదు. కారు పెయింటు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు, అందులో పైన ఉండే రంగులేని పొర, క్లియర్ కోట్, సగం కూడా ఉండదు. మడతల దగ్గర అది ఇంకా పలచన.

వేసవి కావడంతో తెల్లవారుజామునే సెల్లార్‌లో పని పెట్టుకున్నాను. వేడెక్కిన రేకు మీద కాంపౌండు ఇట్టే ఎండిపోతుంది, ఎండిన కాంపౌండు మీద ప్యాడు తిప్పడమంటే ఫోమును గరుకు కాగితం మీద రుద్దినట్టే. ఆరిన కొత్త ప్యాడుతో నేరుగా మొదలుపెట్టకూడదు. ముందు ముఖమంతా పలచగా కాంపౌండు పులిమి, వేలితో ఫోములోకి అద్దాను. ఆ తర్వాత ఒక్కో విడతకు శనగగింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. ఎక్కువ వేస్తే ప్యాడు సాంబారు పీల్చిన ఇడ్లీలా తయారవుతుంది. బరువెక్కి, మెత్తబడి, ఇంకా తొందరగా వేడెక్కుతుంది.

ఒక విడతకు రెండడుగుల చదరం. మెషిన్ ఆపి ఉండగానే రేకు మీద ఆనించి, తక్కువ వేగంలో చుక్కలు పులిమి, తర్వాత వేగం పెంచి, సెకనుకు అంగుళం చొప్పున నెమ్మదిగా నడిపాను. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్లీ అడ్డం, మళ్లీ నిలువు. ఎత్తేముందు మెషిన్ ఆపాలి. తిరుగుతూ ఉండగా గాల్లోకి లేపితే ప్యాడు అదుపు తప్పి పెరిగిన వేగంతో తిరుగుతుంది, కాంపౌండు గోడలకు చిందుతుంది, వెల్క్రో పట్టు వదులైతే ప్యాడే ఎగిరిపోతుంది.

ప్రతి విడత తర్వాతా మెత్తని బ్రష్షుతో ప్యాడు ముఖాన్ని దువ్వాను. గీతలు తీయగా రాలిన క్లియర్ కోట్ పొడి, చచ్చిన కాంపౌండు కలిసి ఫోము రంధ్రాల్లో పేరుకుంటాయి. చాలామంది ఇక్కడ బద్ధకిస్తారు. దువ్వడానికి పట్టేది పది సెకన్లు. బానెట్‌లో సగం అయ్యేసరికి ప్యాడు మార్చేవాడిని. నాలుగింటినీ వంతులవారీగా వాడితే ఏదీ అలసిపోదు. మార్చేటప్పుడు ఫోము పట్టుకుని లాగకూడదు. ప్లేటుకూ వెల్క్రోకూ మధ్యకు వేళ్లు పోనిచ్చి, అంచు నుంచి నెమ్మదిగా ఒలవాలి. వేడిగా ఉన్నప్పుడు జిగురు మెత్తగా ఉంటుంది, కుదిపి లాగితే ఫోము చేతికొస్తుంది, వెల్క్రో ప్లేటు మీదే ఉండిపోతుంది.

బానెట్, డిక్కీ, డోర్లు మామూలుగానే అయిపోయాయి. అసలు పరీక్ష బంపర్ల దగ్గర. లోపలికి వంగిన చోట ప్యాడు అంచులే ఆనుతాయి, మధ్యభాగం గాల్లో ఉంటుంది. నా నల్లగీత పదేపదే నిలిచిపోయింది. పైగా బంపరు ప్లాస్టిక్, ఇనుములా వేడిని పంచదు. ఆ పనికి ఒకే కోత ప్యాడు కేటాయించి, వేగం తగ్గించి, ఒక్కో విడతను అడుగు చదరానికి కుదించాను. హ్యాండిళ్ల వెనక గుంటలు మెషిన్‌తో ముట్టుకోలేదు. అక్కడ ఫోము ముక్కతో చేత్తోనే రుద్దాను. నూటికి నూరు పోలేదు, పోనవసరమూ లేదు. అక్కడికి ఎవరూ లైటు వేసుకుని వెళ్లి చూడరు.

పని అయ్యాక కాంపౌండు ఎండకముందే ప్యాడ్లు కడిగాను. మామూలు నీళ్లు, కొంచెం మృదువైన షాంపూ, వేళ్లతో పిసకడం. రాత్రంతా ఘాటైన క్లీనర్‌లో నానబెడితే జిగురు దెబ్బతింటుందని మిత్రుడు ముందే చెప్పాడు. వాషింగ్ మెషిన్‌లో వేసేవాళ్లూ ఉన్నారట, నాకు ధైర్యం చాలలేదు. మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి నీళ్లు పిండి, ఫోము ముఖం కిందికి, వెల్క్రో పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాను. నీళ్లు జిగురు వైపు కాకుండా కిందికి దిగుతాయి. పూర్తిగా ఆరాక ఒకదాని మీద ఒకటి అణిగిపోకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టాను. పాలిషర్‌ను ప్యాడు తగిలించి నేల మీద బోర్లించి ఉంచే అలవాటు చాలామందికి ఉంది, ఆ బరువుకు ఫోము ఒక పక్కకు అణిగి మళ్లీ లేవదు.

ఆరింటిలో ఒక కోత ప్యాడు మాత్రం మధ్యలో కాస్త మెత్తబడింది, బంపర్ల పనంతా దాని మీదే పడింది మరి. దాన్ని ఇక మెషిన్‌కు తగిలించను. హెడ్‌లైట్ల మసక చేత్తో రుద్దడానికి పక్కన పెట్టాను. మిగతా అయిదూ నొక్కితే గట్టిగానే ఉన్నాయి. వచ్చే నెల మా బావ తెల్ల కారుకు వాటితోనే పని.